నాన్నగారి సీడీ 100ను వ్యానులో హైదరాబాదు తీసుకువెళ్లాలి, ఎలా కట్టాలి?

కందుకూరు కుర్రవాడు

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1993లో కొన్న హీరో హోండా సీడీ 100 మా కందుకూరు ఇంటి వసారాలో ఉంది. ఆయన కాలం చేసి రెండేళ్లయింది. ఊరికి వచ్చినప్పుడల్లా నేనే దాన్ని స్టార్టు చేసి సింగరాయకొండ రోడ్డులో కొంత దూరం తిప్పి తెస్తున్నాను. ఇప్పుడు ఇల్లు అద్దెకు ఇస్తున్నందువల్ల బండిని హైదరాబాదు తీసుకుపోక తప్పదు. కొద్దిపాటి ఇంటి సామానుతో పాటు దీన్ని కూడా ఎక్కించుకోవడానికి ఒక టాటా ఏస్ మాట్లాడుకున్నాను. ఒంగోలు, అద్దంకి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా ప్రయాణం.

నా భయానికి కారణం ఉంది. నిరుడు మా పక్కింటివారి బండి ఇలాగే వ్యానులో వెళ్లి, ట్యాంకు మీద అరచేయి వెడల్పు సొట్టతో, విరిగిన క్లచ్ లివరుతో దిగింది. తాడు తెగలేదు, ముడీ ఊడలేదు, బండి మాత్రం పడిపోయింది. ఎలా పడిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేకపోయారు. మా బండి ట్యాంకుకు రెండు వైపులా నాన్నగారి మోకాళ్లు ఆనిన చోట రంగు పలచబడి లోపలి రేకు కనిపిస్తుంది. ఆ చోటుకు కొత్త రంగు వేయించకుండా ఇన్నాళ్లు కాపాడుకున్నాను. దారిలో దానికి గీత పడకుండా ఎలా కట్టాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కావలి వ్యాను

తమ్ముడూ, నేను పదిహేనేళ్లుగా కావలిలో వ్యాను నడుపుతున్నాను, బండ్లు చాలానే మోశాను. సెంటర్ స్టాండు వేసి, హ్యాండిలుకు రెండు వైపులా, వెనక క్యారియరుకు రెండు వైపులా నైలాన్ తాడు బిగించి కడితే చాలు. సైడ్ స్టాండు మీద మాత్రం ఎక్కించనివ్వవద్దు, బరువంతా ఒక పక్కకు పడి స్టాండు వంగిపోతుంది. నా వ్యానులో ఇంతవరకు ఏ బండీ పడలేదు.

ఒంగోలు స్పానర్

కావలి వ్యాను గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. దూరప్రయాణంలో బండి సెంటర్ స్టాండు మీద ఉండకూడదు. తన రెండు చక్రాల మీదే నిటారుగా నిలబడాలి, ముందు చక్రం వ్యాను బాడీ ముందు గోడకు గట్టిగా ఆనాలి. పక్కింటివారి బండి ఎందుకు పడిందన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

బండికి ముందూ వెనకా స్ప్రింగులు ఉంటాయి. వాటిని కొంచెం కూడా కిందికి నొక్కకుండా, నిలబడినది నిలబడినట్టే తాడు కట్టామనుకోండి. వ్యాను గుంతలో పడినప్పుడు బండి బరువుకు స్ప్రింగు ఒక్కసారి కిందికి దిగుతుంది. హ్యాండిలు కూడా అంగుళం, రెండంగుళాలు దిగుతుంది. ఆ క్షణంలో తాడు వదులవుతుంది, కొక్కెం తగిలించి ఉంటే జారిపోతుంది, లేకపోతే తాడు పక్కకు జరుగుతుంది. స్ప్రింగు తిరిగి లేచేసరికి తాడు పాత చోట ఉండదు. ఇలా వందల సార్లు జరిగాక బండి ఒక పక్కకు ఒరుగుతుంది. తాడు తెగకుండా, ముడి ఊడకుండా బండి పడడం ఇలాగే జరుగుతుంది. దానికి తోడు నైలానుకు సాగే గుణం ఉంది, తడిస్తే మరింత సాగుతుంది. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

కనుక తాళ్లు వదిలేసి నాలుగు రాచెట్ బెల్టులు, అంటే పిడి ఆడిస్తే పళ్ల చక్రం ఒక్కొక్క పన్నుగా బిగించే పట్టీలు కొనండి. ఒక్కొక్క బెల్టు మీద అది ఎంత బరువు లాగగలదో రాసి ఉంటుంది, ఆ అంకె బండి బరువు కంటే ఎక్కువగా ఉండేలా చూసుకోండి. ముందు రెండు బెల్టులను హ్యాండిలు గ్రిప్పులకు కాకుండా, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే రెండు గొట్టాలు) పైన ఉండే టీకి తగిలించాలి. టీ అంటే ఆ గొట్టాలను కలిపే అడ్డపట్టీ, పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. గ్రిప్పుకు కడితే బెల్టు జారుతుంది, కేబుళ్లు నలుగుతాయి, హ్యాండిలు తిరుగుతుంది. టీ దగ్గర నుంచి బెల్టు కిందికి, ముందుకు, పక్కకు వాలుగా వెళ్లి బాడీ ముందు మూలల్లోని కొక్కేలకు చేరాలి. మరీ నిటారుగా ఉంటే పక్కవాటు ఊపును ఆపదు, మరీ పడుకుంటే కిందికి నొక్కదు.

తరువాత ఒక మనిషి సీటుకు ముందు వైపున బరువుగా ఆనుకుని ఫోర్కును కిందికి నొక్కుతుండగా, మిగిలిన ఇద్దరూ రెండు బెల్టులను ఒకేసారి, ఒక్కొక్క పన్నుగా బిగించాలి. ఒక వైపు ముందుగా బిగిస్తే బండి ఆ వైపుకు లాక్కుపోతుంది. ఎంత నొక్కాలి? ఫోర్కు మొత్తం దిగగలిగిన దూరంలో మూడో వంతు నుంచి సగం దాకా. కంటితో అంచనా వేయకుండా, బిగించకముందు మడ్‌గార్డు పైభాగానికీ కింది టీకీ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, బిగించాక మళ్లీ కొలవండి. అడుగంటా నొక్కేస్తే గుంతల అదురు మింగడానికి స్ప్రింగుకు చోటు మిగలదు, ఆ దెబ్బంతా ఫోర్కు ఆయిలు కారకుండా ఆపే రబ్బరు సీళ్ల మీద, వ్యాను కొక్కేల మీద పడుతుంది. ముప్పై ఏళ్లు దాటిన సీళ్లు దాన్ని ఓర్చుకోలేవు.

వెనక రెండు బెల్టుల పని నొక్కడం కాదు, వెనక చక్రం పక్కలకు ఎగరకుండా పట్టడం. వాటిని క్యారియరుకు కాక చాసిస్‌కు, అంటే షాకబ్జార్ పైబోల్టు దగ్గర గొట్టానికి తగిలించండి. క్యారియరు పలుచని కడ్డీ, లాగితే వంగుతుంది. బిగింపు పూర్తయ్యేదాకా బండి న్యూట్రల్లో ఉండాలి, అంతా అయ్యాక ఫస్టు గేరులో వేయండి. హ్యాండిలు లాక్ వేయవద్దు, ఊపుకు ఆ చిన్న లాక్ పిన్నే ముందు దెబ్బతింటుంది.

చీమకుర్తి లోడు

నేను గ్రానైటు లోడింగులో పనిచేసినవాణ్ని. సెంటర్ స్టాండు సంగతి ఒకటి కలుపుతాను. బండిని సెంటర్ స్టాండు నుంచి దించాలంటే మనం ఏం చేస్తాము? ముందుకు తోస్తాము. వ్యాను సడన్ బ్రేకు వేసినప్పుడు లోపలున్న బండికి తగిలేది సరిగ్గా ఆ తోపే. అంటే డ్రైవరు బ్రేకు తొక్కిన ప్రతిసారీ బండిని స్టాండు మీద నుంచి దించే ప్రయత్నం జరుగుతున్నట్టు లెక్క. ఒకసారి స్టాండు ముడుచుకుందంటే బండి రెండంగుళాలు కిందికి దిగుతుంది, కట్టిన నాలుగు కట్లూ ఒకేసారి వదులవుతాయి.

ఇరవై టన్నుల రాయి తన బరువుకే కదలదని కొత్తవాళ్లు అనుకుంటారు, కానీ రోడ్డు అదురుకు అది వెంట్రుకవాసి చొప్పున జరుగుతూనే ఉంటుంది. అందుకే మేము కింద చెక్క దిమ్మెలు, పక్కల చీలికలు పెట్టకుండా లారీని కదలనివ్వము. మీరు కూడా ముందు చక్రానికి రెండు వైపులా రెండు చెక్క దిమ్మెలు ఆనించి, అవి జరగకుండా వాటి మధ్య ఒక అడ్డచెక్క కొట్టించండి. సరుగుడు దుంగ ముక్కలైనా సరిపోతాయి, కానీ గుండ్రటి వైపు కిందికి రాకుండా ఒక పక్క చదునుగా చెక్కించుకోవాలి.

కావలి వ్యాను

ఇద్దరూ చెప్పింది చదివాను. నేను తీసుకువెళ్లిన బండ్లన్నీ కావలి, బిట్రగుంట, నెల్లూరు మధ్యవే, గంట, గంటన్నర ప్రయాణం. మిర్యాలగూడ దాటి వెళ్లే బండికి నా పద్ధతి చాలదని ఒప్పుకుంటున్నాను. బ్రేకు వేసినప్పుడు స్టాండు ముడుచుకుంటుందన్న మాట ఇన్నేళ్లుగా నాకు తట్టలేదు. ఇకనుంచి నేను కూడా చక్రాల మీదే కడతాను.

ఎక్కించడం, దించడం గురించి మాత్రం నా మాట వినండి, ఎందుకంటే నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం దారిలో తగిలినవి కావు, ఎక్కించేటప్పుడు తగిలినవే. మొదట వ్యాను నేలను చూడండి. మా వైపు వ్యాన్లు నిన్న రొయ్యలు, ఇవాళ ఇంటి సామాను అన్నట్టు తిరుగుతాయి. రొయ్యల లోడు దింపిన బాడీలో ఐసు కరిగిన ఉప్పునీరు రేకు గాడుల్లో నిలిచి ఉంటుంది, పైన జిగురుగా ఉంటుంది. దాని మీద టైరు సబ్బు మీద కాలు పెట్టినట్టు జారుతుంది, ఆ ఉప్పు బండి రిమ్ములకు, చైనుకు అంటుకుని తుప్పు పట్టిస్తుంది. ముందు రోజే మంచినీళ్లతో కడిగించి, ఎండనిచ్చి, పాత రబ్బరు షీటు పరవండి.

ఎక్కించడానికి ఆరడుగుల పలక చాలదు, వాలు నిట్టనిలువుగా ఉంటుంది. ఎనిమిదడుగుల మందపాటి చెక్క తీసుకోండి, వ్యానును ఏదైనా గట్టుకు ఆనించి వెనక్కి పెడితే సగం శ్రమ తగ్గుతుంది. చెక్క పై చివరను వెనక డోరు కొక్కేనికి తప్పకుండా కట్టాలి. బండి బరువు చెక్క మధ్యకు వచ్చేసరికి అది వెనక్కి తన్నుకుంటుంది. ఒకరు హ్యాండిలు పట్టుకుని ముందు బ్రేకు మీద వేళ్లు ఉంచాలి, ఇద్దరు వెనక నుంచి తోయాలి. ఎవరూ బండి మీద కూర్చుని నడిపి ఎక్కించకూడదు. హమాలీలు చటుక్కున ఇండికేటరో, సైలెన్సరో, మడ్‌గార్డో పట్టుకుని ఎత్తుతారు. ఎక్కడ పట్టుకోవాలో ముందుగానే చేత్తో తాకి చూపించండి.

కందుకూరు కుర్రవాడు

ఇంత వివరంగా రాసిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. పక్కింటివారికి కూడా ఈ సమాధానం చదివి వినిపించాను. వాళ్ల బండి కూడా సెంటర్ స్టాండు మీదే వెళ్లిందట. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. పెట్రోలు పూర్తిగా తీసేయాలా? ట్యాంకును దేనితో చుట్టాలి?

ఒంగోలు స్పానర్

రైలు పార్సిలులో పంపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయక తప్పదు. వ్యానులో అయితే అర లీటరు మించకుండా ఉంచితే చాలు, దిగాక బంకు దాకా వెళ్లడానికి పనికొస్తుంది. మీది కార్బురేటరు బండి కాబట్టి పెట్రోలు ట్యాపును ఆఫ్‌లో పెట్టి, ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడవనివ్వండి. కార్బురేటరు గిన్నెలో ఉన్నదంతా అలా అయిపోతుంది. ట్యాపు తెరిచి ఉంటే అదురుకు లోపలి ఫ్లోటు ఎగిరెగిరి పడి, పెట్రోలు పొంగి, ఓవర్‌ఫ్లో పైపు నుంచి నేల మీద కారుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షను ఉన్న కొత్త బండ్లకు ఈ ట్యాపు ఉండదు, వాటికి పెట్రోలు తగ్గించడం ఒక్కటే మార్గం. పట్టా కప్పినా వెనక వైపు గాలి ఆడేలా వదలండి, ఆవిరి లోపల నిలవకూడదు. వ్యాను దగ్గర బీడీ కాల్చవద్దని హమాలీలకు గట్టిగా చెప్పండి.

బ్యాటరీకి ముందు నెగెటివ్ వైరు తీయాలి, తరువాత పాజిటివ్. ముందుగా పాజిటివ్ తీస్తూ స్పానరు చాసిస్‌కు తగిలిందంటే నిప్పురవ్వ లేస్తుంది. పెట్రోలు పని, బ్యాటరీ పని రెండూ ఒకేసారి పెట్టుకోవద్దు. ఆసిడ్ పోసే పాత రకం బ్యాటరీ అయితే దాన్ని బయటకు తీసి, నిటారుగా ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి విడిగా తీసుకువెళ్లండి. అద్దాలు విప్పి గుడ్డలో చుట్టుకోండి. టైర్లలో గాలి మామూలుగా ఉండేంత ఉంచండి, దారిలో టైరు మెత్తబడితే బెల్టు కూడా ఆ మేరకు వదులవుతుంది.

ఉలవపాడు తోట

చుట్టడం సంగతి నేను చెబుతాను, మామిడికాయలు దెబ్బ తగలకుండా దూరం పంపడం మా ఇంటి పని. మీరు వరిగడ్డి అనుకుంటున్నారేమో, పెట్రోలు బండి పక్కన గడ్డి పెట్టవద్దు. ప్లాస్టిక్ షీటు కూడా నేరుగా రంగు మీద వేయవద్దు. రంగు మీద గీతలు పెట్టేది చాలాసార్లు గట్టి దెబ్బ కాదు, షీటుకూ ట్యాంకుకూ మధ్య చిక్కుకున్న దుమ్ము. గాలికి షీటు రెపరెపలాడినంత సేపూ ఆ దుమ్ము ఉప్పుకాగితంలాగా రాస్తుంది.

కాబట్టి ముందు ట్యాంకును నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. దాని మీద ఉతికిన పాత నూలు పంచెను నాలుగు మడతలు వేసి పరిచి, పైన దుప్పటి వేసి, కదలకుండా సైకిలు ట్యూబు ముక్కలతో కట్టండి. తాడుతో కడితే ఒరుసుకుంటుంది, ట్యూబు ఒరుసుకోదు. గోనె సంచి పైపొరగా పనికొస్తుంది కానీ రంగుకు తగలనివ్వవద్దు, దాని నార గరుకు. బెల్టు లోహానికి తగిలే ప్రతిచోటా కూడా పంచె ముక్క చుట్టండి. బీరువా, మంచం కోళ్లు వంటి బరువు సామాను బండి పక్కన పెట్టవద్దు. పక్కన పరుపులు మాత్రమే నిలబెట్టండి.

వేదాయపాలెం నివాసి

నెల్లూరు నుంచి మా అక్కయ్య స్కూటరును చెన్నై పంపవలసి ఉంది. గేర్లు లేని స్కూటరుకు కూడా ఇవే పద్ధతులు వర్తిస్తాయా?

ఒంగోలు స్పానర్

చాలావరకు వర్తిస్తాయమ్మా. గేరులో వేసి ఆపే వీలు లేదు కనుక వెనక బ్రేకు లాక్ వేయండి, వెనక చక్రానికి కూడా చెక్క అడ్డు పెట్టండి. హ్యాండిలు మీద ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి. బెల్టు వాటి మీదుగా లాగితే పగులుతాయి, అందుకని తొడుగు బయటకు వచ్చే చోట ఇనుప గొట్టానికే తగిలించాలి. ముందు చక్రం చిన్నది కాబట్టి దిమ్మెలు కూడా ఎత్తు తక్కువగా ఉండాలి, లేకపోతే మడ్‌గార్డుకు తగులుతాయి.

పెన్నా తీరం

కాగితాల విషయం ఎవరూ ఎత్తలేదు. బీమాలో రెండు రకాలున్నాయి. సొంత నష్టం కూడా కలిసిన సమగ్ర పాలసీ అయితే, వాహనం రోడ్డు మీదా, రైలులో, మరో వాహనంలో రవాణా అవుతుండగా జరిగే నష్టం కూడా అందులోకి వస్తుంది. కేవలం థర్డ్ పార్టీ పాలసీ అయితే బండికి తగిలిన దెబ్బకు పైసా రాదు. పాత బండ్లకు చాలామంది థర్డ్ పార్టీయే కడతారు కాబట్టి ముందుగా చూసుకోండి. రవాణా సంస్థకు అప్పగించేవారు రసీదులో బండి విలువ తప్పనిసరిగా రాయించుకోవాలి. విలువ రాయని రసీదు మీద నష్టపరిహారం కిరాయిని బట్టి ఒక హద్దులోపే వస్తుంది.

ఎక్కించే ముందు నాలుగు వైపులా, ట్యాంకు దగ్గర నుంచి, కిలోమీటర్ల అంకె కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆర్‌సి పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. మీ బండికి అది చెల్లుబాటులో ఉందో లేదో చూడండి. మీది ఏపీ 27 నంబరై ఉంటుంది. తెలంగాణలో పన్నెండు నెలలకు మించి ఉంచేటట్టయితే ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని అక్కడ తిరిగి నమోదు చేయించాలి.

ఒంగోలు స్పానర్

ఒకటి మరిచాను, నిజానికి అన్నిటికంటే ముందు చెప్పవలసింది. కట్టి బయలుదేరాక మొదటి పదిహేను, ఇరవై కిలోమీటర్లలోనే బెల్టులు సర్దుకుని వదులవుతాయి. మీకు సింగరాయకొండ దగ్గర హైవే ఎక్కే చోటు అందుకు సరిగ్గా సరిపోతుంది. అక్కడ ఆపి నాలుగు బెల్టులూ వేలితో మీటి చూడండి, ఒకే రకంగా బిగువుగా పలకాలి. తరువాత అద్దంకి దగ్గర ఒకసారి, ఆపైన ఆగినప్పుడల్లా చూడండి. బెల్టును చదునుగా కాకుండా ఒక్క మెలిక వేసి కట్టండి. చదునుగా ఉంటే గాలికి అదురుతూ హోరుమంటుంది, ఆ అదురుకే రాచెట్ మెల్లగా సడలుతుంది. మిగిలిన కొసలను వేలాడనివ్వకుండా ముడి వేయండి, వేలాడే కొస వ్యాను చక్రానికి చుట్టుకుంటే చాలా ప్రమాదం.

కందుకూరు కుర్రవాడు

నిన్న రాత్రి బండి క్షేమంగా హైదరాబాదు చేరింది. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను, తరువాత చదివేవారికి అక్కరకు రావచ్చు.

కట్టకముందు మడ్‌గార్డుకూ టీకీ మధ్య దూరం ఐదున్నర అంగుళాలు ఉంది, బిగించాక నాలుగు అంగుళాలకు తెచ్చి ఆపాము. వ్యాను బాడీ పొడవు దాదాపు ఏడడుగులు కావడం వల్ల బండి నిలువుగా పట్టి వెనక జానెడు చోటు మిగిలింది. సింగరాయకొండలో ఆపి చూసేసరికి ముందు ఎడమ బెల్టు చేతికి మెత్తగా తగిలింది, రెండు పళ్లు బిగించవలసి వచ్చింది. కుడివైపుది ఒక్క పన్ను. అద్దంకిలో ఎడమది మరొక పన్ను తీసుకుంది. పిడుగురాళ్లలో, మిర్యాలగూడలో ఏదీ కదలలేదు. సింగరాయకొండలో ఆపకుండా వెళ్లి ఉంటే ఏమై ఉండేదోనని డ్రైవరు కూడా అన్నాడు. మొదట ఈ తనిఖీలన్నీ చాదస్తమని విసుక్కున్న మనిషి అద్దంకిలో తానే టార్చి పట్టుకుని వెనక్కి వచ్చాడు.

దించేటప్పుడు స్పానర్ గారు ముందు చెప్పినదాన్నే తిరగేసి చేశాము. వెనక బెల్టులు ముందుగా విప్పి, ఇద్దరు రెండు పక్కలా పట్టుకున్నాకే ముందు బెల్టులను కొద్దికొద్దిగా వదిలాము, ఒక్కసారిగా వదిలితే ఫోర్కు ఎగిరి బండి చేయి జారుతుందని అర్థమైంది. పంచె విప్పి చూస్తే ట్యాంకు ఎలా పంపామో అలాగే ఉంది. ఎడమ ఫోర్కు మీద మాత్రం సన్నగా నూనె తడి కనిపిస్తోంది. తుడిచాను, ఈ ఉదయం మళ్లీ కనిపించింది. సీలు మార్పించాలా?

ఒంగోలు స్పానర్

చాలా సంతోషం. ఒకసారి తుడిచాక మళ్లీ వచ్చిందంటే సీలు గట్టిపడిందనే అర్థం. ప్రయాణం దాన్ని బయటపెట్టిందంతే. మార్పించేటప్పుడు రెండు వైపులా కలిపి మార్పించి, ఫోర్కు ఆయిలు రెండింటిలోనూ సమంగా పోయించండి. అప్పటిదాకా నెమ్మదిగా నడపవచ్చు, కాకపోతే ఆ నూనె కిందికి కారి ముందు బ్రేకు డ్రమ్ము వైపు వెళ్లకుండా రోజూ తుడవండి. మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు ట్యాపు తెరిచి, గిన్నె నిండడానికి ఒక నిమిషం ఆగి అప్పుడు కిక్కు కొట్టండి.

కందుకూరు కుర్రవాడు

నాలుగో కిక్కుకు అందుకుంది. వేదాయపాలెం గారూ, ఈ నాలుగు బెల్టులూ, సరుగుడు దిమ్మెలూ వచ్చే వారం కందుకూరు వచ్చినప్పుడు వెంట తెస్తాను. మీ అక్కయ్య గారి స్కూటరు అప్పటికి బయలుదేరకపోతే కబురు పెట్టండి, నెల్లూరు బస్సులో ఇచ్చి పంపుతాను.